'కూర్చున్న కుర్చీ'లో దాగిన విభక్తి

'ది ఛెయిర్ విచ్ ఐ శాట్' అని రాసిన విద్యార్థిని అజాగ్రత్తపరుడని అనుకోవడం పొరపాటు. అతడు తన తల్లిభాషను అక్షరాలా పాటించాడు. 'కుర్చీలో కూర్చున్నాను' అన్న వాక్యంలోని 'లో', 'నేను కూర్చున్న కుర్చీ' అనగానే ఎక్కడికి పోయింది? 'కూర్చున్న' అనే క్రియాజన్య విశేషణం రాగానే లోపించింది. అర్థం మాత్రం చెడలేదు, ఎందుకంటే వినేవాడు దాన్ని ఊహించుకుంటాడు. 'రాసిన ఉత్తరం', 'రాసిన కలం', 'రాసిన బల్ల' అనే మూడింటికీ ఒకే 'రాసిన' సరిపోతున్నది. కలంతో రాశామనీ, బల్లమీద రాశామనీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషు ఆ ఊహను వినేవాడికి వదలదు. 'ది పెన్ విత్ విచ్ ఐ రోట్', 'ది టేబుల్ ఆన్ విచ్ ఐ రోట్' అని తేల్చి చెప్పవలసిందే.

బళ్లారి విద్యార్థికి మరొక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కన్నడమైనా ఆదుకుంటుందా అంటే, 'నాను కుళిత కుర్చి' అన్నప్పుడు అక్కడా 'అల్లి' లోపిస్తుంది. రెండు భాషలూ కలిసి ఒకే అలవాటును గట్టిపరుస్తాయి. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన కాంబెల్, తరువాత ఇక్కడి కలెక్టరుగా 1823లో పంపిన నివేదికలో, అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులు లెక్కించాడు. వాటిలో కన్నడానివి 235, తెలుగువి 226, ఇంగ్లీషుది ఒక్కటి. ఇప్పుడు మన పిల్లల ఉద్యోగ దరఖాస్తులు చాలావరకు ఆ ఒక్క బడి భాషలోనే వెళుతున్నాయి. అందులో 'ది పోస్ట్ విచ్ ఐ అప్లైడ్' అని మొదటి వరుసలోనే ఉంటే చదివేవాడు ఏమనుకుంటాడో వేరే చెప్పాలా?

ఉపాయం మన భాషలోనే ఉంది. 'ఏ కుర్చీలో కూర్చున్నానో ఆ కుర్చీ' అనండి. దాగిన 'లో' బయటపడుతుంది. 'ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టానో ఆ ఉద్యోగం' అంటే 'కి' కనిపిస్తుంది. అయితే 'కి' అనగానే 'టు' అని వేయకండి. ఏది రావాలో ఇంగ్లీషు క్రియ నిర్ణయిస్తుంది. 'అప్లై'కి 'ఫర్' కావాలి, కనుక 'ది పోస్ట్ ఫర్ విచ్ ఐ అప్లైడ్'. మాటల్లోనైతే 'ది పోస్ట్ ఐ అప్లైడ్ ఫర్' అన్నా చాలు. ఇలా చివర పెట్టడం తప్పని 1672లో డ్రైడన్ కవి బెన్ జాన్సన్‌ను ఆక్షేపించాడు. ఆ నిషేధం వట్టి మూఢనమ్మకమని ఫౌలర్ 1926లో తేల్చినా, కొందరు ఉపాధ్యాయులు ఇంకా డ్రైడన్ పక్షమే. పరీక్షలో ముందు పెట్టడమే క్షేమం. ముందు పెట్టినప్పుడు 'దట్' రాదు, 'హూ' బదులు 'హూమ్' వస్తుంది. భయంకొద్దీ రెండుచోట్లా పెట్టి 'ఆన్ విచ్ ఐ శాట్ ఆన్' అనకూడదు.

ఇక 'అప్పు ఇచ్చిన స్నేహితుడు' అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చి చూడండి. అతడు మనకిచ్చాడా, మనం అతడికిచ్చామా? మొదటిదైతే 'హూ లెంట్ మీ', రెండోదైతే 'టు హూమ్ ఐ లెంట్'. ఎవరు ఎవరికి బాకీయో ఆ చిన్న 'టు' చెబుతుంది.