మందుల వెలయు మాసపు పద్దును

ఋణశేషము, అగ్నిశేషము, వ్యాధిశేషము మిగుల్పరాదని మన పెద్దలు చెప్పుదురు. బెంగుళూరు నగరమునందలి బీదకుటుంబములు నేడు ఒక శేషమును తీర్చుటకై మఱియొక శేషమును మిగుల్చుకొనుచున్నవి. అద్దె చెల్లించుటకు మందు మానుచున్నారు. మందు కొనుటకు అప్పు చేయుచున్నారు. ఈ రెంటి నడుమ నలుగువారిలో మనవారు తక్కువమంది కారు. అనంతపురము, కర్నూలు, మహబూబ్‌నగరము జిల్లాలనుండి మేస్త్రీల వెంట వచ్చిన కూలీలును, పెద్ద భవనముల యొద్ద కావలి కాయువారును, మన యిండ్ల వంటపని, అంట్లపని చేయు స్త్రీలును ప్రతిదినము మనతో తెలుగున మాటాడుచునే యున్నారు. వారి మాట మనకు వినబడును గాని వారి పద్దు మన కంటబడదు.

అట్టి పద్దు నొకదానిని ఊహింతము. భర్త కావలివాడు, భార్య మూడిండ్ల పని చేయును. ఇరువురకు కలిపి నెలకు 24,000 రూపాయలు వచ్చుననుకొందము. ఒంటిగది యింటికి అద్దె 7,000. బియ్యము, పప్పు, నూనె, కూర, పాలకు 8,000. పిల్లల చదువునకు 2,500. ఊరనున్న ముసలి తల్లిదండ్రులకు 2,000. చీటికిని, పాత యప్పు వాయిదాకును 2,500. వంటగ్యాసు, దీపము, టెలిఫోను, రాకపోకలకు 1,500. మిగులునది 500 రూపాయలు మాత్రమే. ఇంతలో భర్తకు మధుమేహము, రక్తపుపోటు ఉన్నవని వైద్యుడు చెప్పి, నెలకు 1,500 రూపాయల మందులు వ్రాసెను. తక్కిన వేయి రూపాయలు ఎచ్చటనుండి రావలెను? కర్ణాటక ప్రభుత్వము 2023 లో ప్రారంభించిన గృహలక్ష్మి పథకము క్రింద గృహిణికి నెలకు 2,000 రూపాయలు లభించును. కాని రేషను కార్డు స్వగ్రామమున విడిచి వచ్చిన వలసకుటుంబమునకు ఆ సాయము అందదు.

కనుక ఏదో యొక ఖర్చు తగ్గింపవలెను. అద్దె ఆపినచో యింటి యజమాని తలుపు తట్టును. చీటి ఆపినచో నలుగురిలో మాట పోవును. అన్నము తగ్గించినచో బిడ్డలు ఏడ్తురు. రక్తపుపోటును మధుమేహమును మాత్రము నోరెత్తి అడుగవు. పది మాత్రలు పదిదినములు రావలసినవి ఇరువదిదినములు వచ్చును. మొదట పూట విడిచి పూట. తరువాత దినము విడిచి దినము. పిమ్మట ‘తలనొప్పి లేదు గదా’ యని పూర్తిగా మానుట. ఇది వారి అజ్ఞానమని మనము తేలికగా అందుము. అది సరికాదు, వారు చేయుచున్నది లెక్క. ఆ లెక్కలో నొక అంకె మాత్రము వారికి కనబడలేదు. ఒకనాడు పక్షవాతము వచ్చినను, మూత్రపిండములు చెడినను, సంపాదించు చేయి పడిపోవును. అంతవరకు మిగిల్చిన వేయి రూపాయలు లక్షల ఋణమై తిరిగి వచ్చును.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని మేమనము. తెలుగునాట 2007 లో ఆరోగ్యశ్రీ వచ్చెను. 2018 లో ఆయుష్మాన్ భారత్ వచ్చి, బీదకుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వఱకు చికిత్సావ్యయమును భరించుచున్నది. జాతీయ ఆరోగ్య లెక్కలను బట్టి, దేశమున వైద్యమునకగు మొత్తము వ్యయములో ప్రజలు స్వయముగా భరించుభాగము 2013–14 లో నూటికి 64.2 ఉండగా, 2021–22 నాటికి 39.4 కు దిగెను. ఇది నిజమైన మేలు. అయినను ఈ పథకములు ముఖ్యముగ ఆసుపత్రిలో చేరినవారి కొఱకు ఏర్పడినవి. మంచము పట్టినవానికి సాయము కలదు. మంచము పట్టకుండుటకు ప్రతిదినము మ్రింగవలసిన మాత్రకు సాయము లేదు.

ఇక వెలల సంగతి. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తరువు ప్రకారము అత్యవసర ఔషధముల పట్టికలోని మందులకు గరిష్ఠధర నిర్ణయింపబడుచున్నది. 2022 లో సవరించిన పట్టికలో 384 మందులు కలవు. అయితే ఈ గరిష్ఠధరకు ఆధారము తయారీ ఖర్చు కాదు. బజారులో నమ్ముడగు రకముల ధరల సగటు. టోకు ధరల సూచిక పెరిగినచో ఇదియు పెరుగును. 2023 లో నూటికి 12 కు పైగా పెంచుకొనుటకు అనుమతి లభించెను. పట్టికలో లేని మందుల వెలను ఉత్పత్తిదారులు ఏటేట నూటికి 10 వఱకు పెంచుకొనవచ్చును. కూలివాని జీతము ఏటేట నూటికి పది పెరుగునని చెప్పిన ఉత్తరువు మాకు కనబడలేదు. 2025 సెప్టెంబరులో మందులపై పన్ను 12 నుండి 5 కి తగ్గించుట కొంత ఉపశమనమే.

ఒకే మందు పది పేర్లతో పది వెలలకు అమ్ముడగుచున్నది. 2008 లో మొదలైన జనౌషధి దుకాణములలో అదే మందు నూటికి 50 నుండి 90 వఱకు తక్కువ వెలకు దొరకునని ప్రభుత్వము చెప్పుచున్నది. కాని చీటిపై వ్యాపారనామమున్నప్పుడు బీదవాడు దానినే కోరును. మందుల అసలు పేరునే వ్రాయవలెనని జాతీయ వైద్య సంఘము 2023 ఆగస్టులో నియమము చేసి, ఆ నెలలోనే నిలిపివేసెను. అన్ని తయారీల నాణ్యము ఒకటి కాదని వైద్యులు చూపిన సందేహము త్రోసివేయదగినది కాదు. దానికి ఉపాయము పరీక్షలను కట్టుదిట్టము చేయుట గాని, బీదవానిని అధికధరకు అప్పగించుట కాదు.

ఈ విషయమున తెలుగువారికి ప్రత్యేకమైన బాధ్యత కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు వ్యాధిచే సోదరులను పోగొట్టుకొని, అమెరికాలో పరిశోధన సాగించి లోకమునకు మందులనిచ్చిరి. 1961 లో ఏర్పడిన ప్రభుత్వ ఔషధసంస్థకు హైదరాబాదున కర్మాగారము వెలసెను. అచ్చట పనిచేసిన అంజిరెడ్డిగారు 1984 లో స్వంత సంస్థ స్థాపించిరి. హైదరాబాదు సంస్థయగు నాట్కో, 2012 లో నిర్బంధ అనుమతి పొంది, నెలకు 2,80,000 రూపాయలగు క్యాన్సరు మందును 8,800 కు ఇచ్చుటకు సిద్ధపడెను. మందు చేయుటలో పేరు గన్న జాతియే మందు కొనలేక పస్తుండుట విచారకరము.

బెంగుళూరులో 1900 నాటినుండి విక్టోరియా ఆసుపత్రి బీదలకు ఆధారము. అయినను ప్రభుత్వాసుపత్రిలో వరుసలో నిలిచినవాడు ఆనాటి కూలి వదలుకొనవలెను. మందు నిండుకొన్నచో బయటి దుకాణమునకు పోవలెను. ఉచితముగా మందులిచ్చుచున్నామను కారణముతో కర్ణాటక ప్రభుత్వము 2025 మే నెలలో ఆసుపత్రి ఆవరణలలోని జనౌషధి దుకాణములను మూసివేయుటకు ఉత్తరువు చేయగా వివాదము న్యాయస్థానమున కెక్కెను. ఉచితపు మందు ఏడాది పొడవున నిండుకొనక దొరకినచో చవుక దుకాణము తనంతట మూతపడును. అంతవఱకు మూయింపరాదని మా యభిప్రాయము. తమిళనాడు 1994 లో ప్రత్యేక సంస్థను నెలకొల్పి మందులు టోకున కొని ఆసుపత్రులకు పంచుచున్నది. రాజస్థానము 2011 నుండి ఉచితముగా ఇచ్చుచున్నది. సాధ్యము కాని పనిగాదు.

పాఠకమహాశయులు చేయదగినదియు కలదు. మీ భవనపు కావలివారిని నియమించిన గుత్తదారు వారిని ఇ.యస్‌.ఐ. లో చేర్చెనా యని సంఘసమావేశమున అడుగుడు. 1948 చట్టముతో పుట్టిన ఈ భీమా క్రింద, 2017 లో నిర్ణయించిన 21,000 రూపాయల పరిమితిలోని వేతనము గలవారికి, కుటుంబసమేతముగా ఉచిత వైద్యమును మందులును లభించును. రాజాజినగరమున ఆసుపత్రియు కలదు. మీ యింట పనిచేయునామెకు ఆ చట్టము రక్షణ నీయలేదు. కావున జీతముతో పాటు ఆమె మందుల చీటిని మీ పద్దులో చేర్చుకొనుడు. మీరు వైద్యులైనచో మందు అసలు పేరు వ్రాసి, అది ఎచ్చట చవుకగా దొరకునో తెలుగులో నొక్కమాట చెప్పుడు.

రేపు ఉదయము తలుపు తట్టు మనిషిని ‘మాత్ర వేసికొంటివా, అమ్మా?’ యని అడిగి చూడుడు. ఆమె వెంటనే బదులు చెప్పక తల వంచుకొనినచో, ఆ వ్యాధిశేషములో మన భాగమును కొంత కలదని గ్రహింపవలెను.