చర్మం పలచబడితే పడుచుదనం రాదు

పెళ్లి దగ్గర పడిందంటే చాలు, "మెడికల్ షాపులో ఫలానా ట్యూబు అడుగు, వారంలో ముఖం నిగనిగలాడుతుంది" అని చెప్పేవాళ్లు ఇంటికొకరు తయారవుతారు. అడిగితే చీటీ లేకుండానే చేతికొస్తుంది. ఆ ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది స్టెరాయిడ్. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి జబ్బులకు డాక్టరు మోతాదు చెప్పి, గడువు పెట్టి రాసే మందు అది. దాన్ని ఫేస్ క్రీములా ఏళ్ల తరబడి రాసుకున్నవాళ్లు ఇప్పుడు ఎండలోకి వెళ్లలేక, పొయ్యి సెగ తగిలినా ఓర్చుకోలేక చర్మవైద్యుల దగ్గరికి వస్తున్నారు. ఈ ప్రచారం ఇకనైనా ఆగాలి.

అపోహ: వారంలో తేడా కనిపించింది కాబట్టి క్రీము మంచిదే.

వాస్తవం: తేడా కనిపించే మాట నిజమే. స్టెరాయిడ్ రాయగానే చర్మంలోని సన్నటి రక్తనాళాలు కుంచించుకుంటాయి, వాపు తగ్గుతుంది, మెలనిన్ తయారీ మందగిస్తుంది. ముఖం తెల్లగా, నున్నగా అవుతుంది. దానివల్ల కలిగే మేలు అంతటితో సరి.

ముఖం మీద చర్మపు పైపొర మందం మిల్లీమీటరులో వందో వంతుకు అటూఇటూగా ఉంటుంది. ఆ పొరలోని కణాల మధ్య సిరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు నిండి ఉంటేనే లోపలి తడి ఆవిరైపోకుండా ఆగుతుంది. పడుచు ముఖంలో కనిపించే మెరుపుకు ఆ తడే ముఖ్యం. నెలల తరబడి స్టెరాయిడ్ రాస్తే ఈ కొవ్వుల తయారీ తగ్గిపోతుంది. కింది పొరలో కొల్లాజెన్ కూడా తగ్గుతుంది. చర్మం సిగరెట్ కాగితంలా పలచబడి ముడతలు తేలుతుంది. చెంపల మీద ఎర్రటి రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు లేస్తాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి. వయసు తగ్గించుకుందామని రాసుకున్న క్రీమే వయసును ముందుకు లాగుతుంది.

అసలు ఉచ్చు ఆ తర్వాత ఉంది. క్రీము మానగానే ముఖం ఎర్రబడి మండుతుంది. "చూశావా, ఆపితే పాడైంది" అని మళ్లీ రాస్తారు. మంట తగ్గుతుంది, చర్మం ఇంకాస్త పలచబడుతుంది. దీన్ని గుణం అనుకుంటే ఎలా? అది మందుకు బానిసైన చర్మం.

అపోహ: డాక్టరే రాశారు కదా, ఎన్నాళ్లయినా వాడొచ్చు.

వాస్తవం: మంగు మచ్చలకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిపి వాడే పద్ధతిని 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ ప్రతిపాదించారు. అది మచ్చలకు, కొద్ది వారాలకు. పాత చీటీ చూపించి, పక్కింటావిడకూ ఇచ్చి, ఏళ్లపాటు రాసుకునేది కాదు. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములతో ఇంకో ప్రమాదం పాదరసం. 2023లో కేరళలోని మలప్పురంలో అలాంటివి వాడినవాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్నాయి.

మిగతావి క్లుప్తంగా

నిమ్మరసం, వంట సోడా: ఒకటి మరీ ఆమ్లం, ఇంకొకటి క్షారం. రెండూ చర్మానికి సరిపడవు. మంట పుడితే పనిచేస్తున్నట్టే: కాదు, దెబ్బ తగులుతున్నట్టు. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ అక్కర్లేదు: తప్పు, జిడ్డు వేరు, తడి వేరు. చామనచాయవాళ్లకు సన్‌స్క్రీన్ వద్దు: ముడతలకూ, మంగుకూ కారణమయ్యే ఎండ రంగు చూసి వదలదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి

నూనె రాసుకోమనే అమ్మమ్మల మాటలో పస ఉంది. స్నానం చేసి, ఒళ్లు తడిగా ఉండగానే కాళ్లకూ చేతులకూ కొబ్బరినూనె రాస్తే పొడిబారిన చర్మానికి మేలే. అలాగని మొటిమలున్న ముఖానికి పట్టించకండి. ఏ నూనైనా ఒకటే అనీ అనుకోకండి. ఆలివ్ నూనె చర్మపు పైపొరను బలహీనపరుస్తుందని పరిశోధనల్లో తేలింది.

ఏం చేయాలి?

గాఢమైన సబ్బు బదులు తేలికపాటి ఫేస్‌వాష్, తడి ముఖం మీదే గ్లిజరిన్ లేదా సిరమైడ్లున్న మాయిశ్చరైజర్, పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. నెలల తరబడి ఇవి వాడితే చాలు. స్క్రబ్బులు మానండి. ముడతలకు రెటినాయిడ్ కావాలనుకుంటే డాక్టరును అడిగి, గర్భిణులు కానివాళ్లు మాత్రమే, కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి.

ఇప్పటికే స్టెరాయిడ్ రాస్తుంటే సిగ్గుపడకుండా చర్మవైద్యుడికి చెప్పండి. ఎలా మానాలో ఆయన చెబుతారు. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు, మధ్యలో ముఖం ఎర్రబడినా పాత ట్యూబు జోలికి పోవద్దు. ఇవాళే మీ ఇంట్లో అద్దం ముందున్న ట్యూబు తీసి చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్: వీటిలో ఏ పేరున్నా అది రోజూ రాసుకునే ఫేస్ క్రీము కాదు. వాడుతున్నది మీ పిల్లలైతే తిట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.