నెట్‌వర్కు కార్డు చెడిందా? దుబాసీ రాలేదా?

లినక్స్ ఉన్న కంప్యూటరులో నెట్‌వర్కు ఆగిపోయినప్పుడు సాధారణంగా వినిపించే తీర్పులు రెండు. "కార్డు పోయింది, కొత్తది వేయాలి" అనేది ఒకటి. "అంతా తుడిచేసి సిస్టం మళ్ళీ ఎక్కించాలి" అనేది రెండోది. మొదటిదానికి డబ్బు పోతుంది. రెండోదానికి అంతకంటె విలువైనవి పోవచ్చు: అంగడి లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు, ఇంటి ఫోటోలు. ఏ తీర్పుకైనా తల ఊపేముందు మీరు కంప్యూటరును అడిగి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవే ఈనాటి ప్రసంగ విషయం.

శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల శ్రోతలకు లినక్స్ మరీ కొత్త కాదు. తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచితంగా లాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. వాటిలో చాలా యంత్రాలకు విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా ఉండేది. చెన్నైలోని సి-డాక్ సంస్థ డెబియన్ లినక్స్ ఆధారంగా తయారుచేసింది దాన్ని. పాతబడిన యంత్రానికి మళ్ళీ ప్రాణం పోయాలన్నా చాలామంది లినక్స్‌నే ఎక్కిస్తారు. తీరా ఎక్కించాక నెట్‌వర్కు రాకపోతే, దగ్గరలో చూసేవారు లేకపోతే, మదురై దాకా యంత్రాన్ని మోసుకుపోవాలి.

అసలు లోపల జరిగేదేమిటి? ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మీకు దుబాసీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కొనేవాడికి ఒక భాష, అమ్మేవాడికి మరో భాష అయినప్పుడు, నడుమ రెండూ తెలిసినవాడు ఉంటేనే బేరం సాగుతుంది. కంప్యూటరులో కెర్నెల్ అనే కేంద్ర ప్రోగ్రాముకూ నెట్‌వర్కు కార్డుకూ నడుమ అలాంటి దుబాసీ ఉంటుంది. దాని పేరే డ్రైవరు. లినక్స్‌లో ఈ డ్రైవర్లు ఎక్కువగా మాడ్యూళ్ళ రూపంలో ఉంటాయి. అవసరమైనప్పుడు కెర్నెల్‌లోకి పిలిపించుకోవచ్చు, పనైపోయాక పంపివేయవచ్చు. దుబాసీ రాకపోతే కార్డు నిక్షేపంగా ఉన్నా మాట సాగదు.

1990లలో ఈ పిలుపు చేతితో జరిగేది. ఎన్‌ఈ2000 రకం పాత కార్డుకు మాడ్యూలును పిలిచేటప్పుడు, ఆ కార్డు ఏ చిరునామాలో ఉందో కూడా మనమే చెప్పాల్సి వచ్చేది. తరువాత వచ్చిన పీసీఐ కార్డులు తమ గుర్తింపు సంఖ్యను తామే చెప్పుకుంటాయి. ఆ సంఖ్యను బట్టి కెర్నెల్ తగిన మాడ్యూలును వెతుక్కుంటుంది. మనం మొదట పట్టుకోవలసినదీ ఆ సంఖ్యనే.

మొదటి ప్రశ్న: కంప్యూటరుకు కార్డు కనబడుతోందా? టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అని అయిదు అక్షరాలు కలిపి కొట్టండి. ఒక ఖాళీ విడిచి, అడ్డగీత, దాని వెంటనే ఎన్, ఎన్, కె కొట్టండి. అన్నీ చిన్న అక్షరాలే. వచ్చిన జాబితాలో ఈథర్‌నెట్ లేదా నెట్‌వర్క్ అన్న మాట ఉన్న వరుస చూడండి. అక్కడ రెండు భాగాల సంఖ్య ఉంటుంది. మొదటి భాగం తయారీదారుది: 10ఇసి అంటే రియల్‌టెక్, 8086 అంటే ఇంటెల్. రెండో భాగం చిప్పుది. డబ్బా మీద ఏ కంపెనీ పేరున్నా సరే, మాడ్యూలుకు కావలసింది లోపలి చిప్పు. కార్డు యూఎస్‌బీది అయితే ఎల్, ఎస్, యు, ఎస్, బి అని కొట్టాలి.

జాబితాలో కార్డు లేనే లేదనుకోండి. యంత్రాన్ని ఆపి, కరెంటు తీసి, కార్డును మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టండి. బోర్డులోనే ఉన్న కార్డయితే బయాస్‌లో ఎవరైనా ఆపేశారేమో చూడండి. అప్పటికీ కనబడకపోతేనే కార్డు మీద అనుమానం న్యాయం.

రెండో ప్రశ్న: దుబాసీ వచ్చిందా? అదే జాబితాలో కార్డు వరుస కింద, ప్రస్తుతం వాడుతున్న డ్రైవరు పేరు ఉంటుంది. దాని కిందనే, ఆ కార్డుకు పనికివచ్చే మాడ్యూళ్ళ పేర్లు ఉంటాయి. పేరుండి, వాడకంలో లేకపోతే, దాన్ని పిలవాలి. సుడో అని, తరువాత మోడ్‌ప్రోబ్ అని, తరువాత మాడ్యూలు పేరు. ఉదాహరణకు రియల్‌టెక్ 8168 చిప్పుకు కెర్నెల్‌తో వచ్చే మాడ్యూలు ఆర్8169. అదే చిప్పుకు రియల్‌టెక్ కంపెనీ విడిగా ఇచ్చే ఆర్8168 కూడా ఉంది. రెండూ యంత్రంలో ఉంటే ఒకే కార్డు కోసం పోటీ పడవచ్చు. అప్పుడు ఒకదాన్ని నిషేధ జాబితాలో పెట్టి, రెండోదానికి దారి ఇవ్వాలి.

మూడో ప్రశ్న: పిలిస్తే ఎందుకు రాలేదు? కెర్నెల్ తన దినచర్య రాసుకుంటూనే ఉంటుంది. సుడో అని, తరువాత డి, ఎం, ఇ, ఎస్, జి అని కొడితే దాన్ని చదవవచ్చు. అందులో ముఖ్యంగా మూడు రకాల ఫిర్యాదులు కనిపిస్తాయి. ఫర్మ్‌వేర్ దొరకలేదంటే, చిప్పులోకి ఎక్కించవలసిన చిన్న ఫైలు లేదని అర్థం. డెబియన్ సభ్యులు 2022లో ఓటు వేసి నిర్ణయించాక, 2023లో వెలువడిన డెబియన్ 12 నుంచి ఇలాంటి ఫైళ్ళు స్థాపన డిస్కులోనే వస్తున్నాయి. అంతకుముందువాటికి విడిగా తెచ్చుకోవాలి. వర్షన్ పొసగడం లేదంటే, మాడ్యూలు వేరే కెర్నెల్ కోసం తయారైందని. తాళంచెవిని తిరస్కరించామంటే, సెక్యూర్ బూట్ సంతకం లేని మాడ్యూలును అడ్డుకుందని.

కెర్నెల్ కొత్తది వచ్చిన మరునాడే నెట్‌వర్కు ఆగితే, ఒక చక్కని పరీక్ష ఉంది. యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. అందులో నెట్‌వర్కు వస్తే కార్డు నిర్దోషి. కొత్త కెర్నెల్‌కు సరిపడా మాడ్యూలును మళ్ళీ తయారు చేసుకుంటే చాలు.

నాలుగో ప్రశ్న: దుబాసీ ఉన్నా మాట ఎందుకు సాగడం లేదు? ఐ, పి అని కొట్టి, ఖాళీ విడిచి, ఎల్, ఐ, ఎన్, కె అని కొట్టండి. ఎల్, ఓ అనేది ఎప్పుడూ ఉంటుంది, దాన్ని వదిలేయండి. రెండో పేరు ఒకటి కనబడితే డ్రైవరు తన పని చేసినట్టే. పూర్వం ఈథ్0 అని ఉండే ఆ పేరు, 2013 తరువాత చాలా లినక్స్‌లలో ఈఎన్‌పీ3ఎస్0 వంటి రూపంలోకి మారింది. కొత్త పేరు చూసి కంగారు పడకండి. ఆ వరుసలో నో క్యారియర్ అని ఉంటే తీగనూ, అవతలి స్విచ్చునూ చూడాలి.

నెట్‌వర్కు లేనప్పుడు, కావలసిన ఫైలు తెచ్చుకునేదెలా అని మీరు అడగవచ్చు. మొబైల్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, సెట్టింగులలో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. దానికి కావలసిన మాడ్యూలు సాధారణంగా కెర్నెల్‌తోనే వస్తుంది. పని పూర్తయ్యే దాకా ఫోనే మీ నెట్‌వర్కు కార్డు.

ఈ నాలుగు ప్రశ్నలకూ వచ్చిన జవాబులను ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ముఖ్యంగా ఆ రెండు భాగాల సంఖ్యనూ, కెర్నెల్ ఫిర్యాదు చేసిన వాక్యాన్నీ ఉన్నదున్నట్టు ఎక్కించండి. మీరే సరిచేసుకోలేకపోయినా, ఆ కాగితం చూసిన నిపుణుడు ఫోనులోనే దారి చెప్పగలడు. మదురై ప్రయాణం తప్పుతుంది. మంచి కార్డు చెత్తబుట్ట పాలు కాకుండా మిగులుతుంది.