చోరకర్మ, పనితనం: దోపిడీ చిత్రాల ఆకర్షణ

దొంగ పట్టుబడకూడదని ప్రేక్షకుడు ఎందుకు కోరుకుంటాడు? ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ 1946లో ‘ఫిల్మ్ న్వార్’ (నల్ల సినిమా) అని పేర్కొన్న ధోరణిలో దోపిడీ కథలది ప్రత్యేక శాఖ. వీటి ఆకర్షణకు ఉత్కంఠను కారణంగా చెప్పడం పరిపాటి. పనితనం పట్ల గౌరవమే అంతకన్నా బలమైన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

జూల్స్ డసాన్ ‘రిఫిఫీ’ (1955)లో నగల దుకాణం దోపిడీ దాదాపు అరగంట సాగుతుంది. సంభాషణ లేదు, నేపథ్య సంగీతం లేదు. దొంగలు పై అంతస్తు నేలకు రంధ్రం చేసి, దానిలోంచి గొడుగు దించి విప్పుతారు. రాలే పెళ్లలు చప్పుడు కాకుండా అందులో పడతాయి. చౌర్య పద్ధతులను వివరంగా చూపరాదన్నది నాటి హాలీవుడ్ నియమావళి. డసాన్ ఈ చిత్రాన్ని ఫ్రాన్స్‌లో తీశాడు.

ప్రాచీన సాహిత్యం చదివినవారికి ఈ మెప్పు కొత్త కాదు. మృచ్ఛకటికం మూడవ అంకంలో శర్విలకుడు కన్నం ఏ ఆకారంలో ఉంటే తెల్లవారి పౌరులు మెచ్చుకుంటారో ఆలోచించి పూర్ణకుంభాన్ని ఎంచుకుంటాడు. కొలతాడు మరచిపోయి జంధ్యంతో కొలుస్తాడు! దండి సృష్టించిన అపహారవర్మ పరికరాల్లో దీపాలార్పే తుమ్మెదల పెట్టె కూడా ఉంది. దశకుమారచరిత్రను 13వ శతాబ్దిలో తెనిగించిన కేతన ‘అభినవదండి’గా ప్రసిద్ధుడు. ఇంతటి వారసత్వం ఉన్నా, చోరకర్మను తీరికగా చూపే ఓపిక తెలుగు సినిమాకు తక్కువే. రాంగోపాల్ వర్మ ‘క్షణక్షణం’ (1991)లో బ్యాంకు దోపిడీ ఆరంభంలోనే ముగుస్తుంది. ఆపైన కథ క్లోక్ రూమ్ రసీదు వెంట పరుగెడుతుంది.

పనితనాన్ని గౌరవించే లోకంలో దొంగతనం కన్నా సహచరద్రోహమే పెద్ద నేరం. శర్విలకుడు ప్రియురాలు మదనిక దాస్యవిముక్తి కోసం నగలు దొంగిలిస్తాడు. అవి ఆమె యజమానురాలు వసంతసేనవేనని తరువాత తెలుస్తుంది. వసంతసేన మదనికను విడిచిపెడుతుంది. ‘రిఫిఫీ’లో అలాంటి క్షమకు చోటు లేదు. సెజార్ క్లబ్బు గాయనికి ఇచ్చిన ఉంగరం ముఠా గుట్టు బయటపెడుతుంది. ప్రత్యర్థులకు లొంగి సహచరుల పేర్లు చెప్పిన అతణ్ణి నాయకుడు టోనీ, ఇష్టం లేకుండానే, కాల్చి చంపుతాడు. సెజార్‌గా నటించినవాడు డసానే. అమెరికాలో కమ్యూనిస్టు వ్యతిరేక విచారణల్లో తోటి దర్శకులు తన పేరు చెప్పగా హాలీవుడ్‌కు దూరమైన మనిషి, పేర్లు చెప్పేవాడి పాత్రను తానే ధరించాడు.