పరాయి యూర బిడ్డకు జబ్బు చేసినపుడు

ప్రయాణమునకు బయలుదేరునపుడు పెట్టె సర్దుటలో మనము చూపు శ్రద్ధ యింతింత కాదు. పిల్లల బట్టలు, దారిబత్తెము, బంధువుల కీయవలసిన పసుపు కుంకుమలు, రవికె గుడ్డలు, ఇందులో నొక్కటియు మరువము. కాని దారిలో బిడ్డకు జబ్బు చేసినచో నేమి చేయవలెనను ఆలోచన మాత్రము మనకు రాదు. ప్రయాణ సమయమున నట్టి మాట తలచుటయే యశుభమని తోచును. మేమును అట్లే యనుకొంటిమి. అందువలన మేము పడిన బాధ మీరు పడకుందురు గాక యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వారు ఖమ్మములో నుపాధ్యాయులు. దసరా సెలవులకు మా పెద్ద వదినగారి యింటికి పిల్లలతో పోయితిమి. వారిది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో కుంటకు సమీపమున నున్న యొక చిన్న పల్లె. భద్రాచలము దాటి చింతూరు మీదుగా కుంటకు పోవు రహదారి చిత్రమైనది. 2014లో తెలంగాణము వేరుపడినపుడు భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచెను; చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము మొదలగు మండలములు పోలవరము నిమిత్తము ఆంధ్రప్రదేశమున చేరెను. కావున నీ యొక్క దారిలోనే మూడు రాష్ట్రములు తగులును. ఇరుప్రక్కల నదే యడవి, అవే కోయపల్లెలు; కాని బిడ్డకు జబ్బు చేసిన తల్లికి ప్రతి సరిహద్దును ఒక గోడవలె తోచును.

మేము పోయిన పండ్రెండవనాటి సాయంకాలము మా అయిదేండ్ల చిన్నదానికి చలి పుట్టి జ్వరము వచ్చెను. మరునాడే మా తిరుగు ప్రయాణము. "ఈ రాత్రి గడచినచో రేపు మన యూర మన వైద్యునికే చూపుదము. ఇక్కడ మనల నెరిగినవా రెవరు? ఎవరితో నే భాషలో చెప్పుకొందుము?" అని మేమే యంటిమి. ఆ తప్పు మరెవ్వరిదియు కాదు, మాదే. ఇరుగుపొరుగువారు పిలిచి తెచ్చిన యొకడు ఏదో సూది వేసి పోయెను. అతడు చదివిన చదువేమో, వేసిన మందేమో మేమడుగలేదు. జ్వరము తగ్గినట్లే తగ్గి మరల హెచ్చెను.

తెల్లవారుజామున బిడ్డ కన్నులు పైకి తేలవేసి కాలుసేతులు కొట్టుకొనసాగెను. ఒకరు వాతలు పెట్టుమనిరి; ఒకరు నోట చెంచా యుంచుమనిరి. మేము తాళపుచెవుల గుత్తి బిడ్డ పిడికిట నుంచి యేడ్చుచు కూర్చుంటిమి. మా వదినగారు మాత్రము ధైర్యముతో, "అమ్మాయీ, ఖమ్మము మాట మరచిపొమ్ము. దారిలో మొదట కనబడు నాసుపత్రియే మన యాసుపత్రి" అని జీపు పిలిపించిరి. ఆ మాటయే మా బిడ్డను బ్రదికించినది.

దారిలోని ప్రభుత్వ వైద్యశాలలో నొక యువవైద్యురాలు బిడ్డను చేతులలోనికి తీసికొనుచునే మూడు ప్రశ్నలు వేసెను: "అమ్మా, జ్వర మెప్పుడు మొదలైనది? ఏ మందిచ్చిరి? ఈ రెండు వారములలో బిడ్డ యెచ్చట పరుండినది?" మొదటిదానికి తడబడుచు బదులు చెప్పితిమి. రెండవదానికి మా వద్ద బదులే లేదు. పేరు తెలియని సూదిమందు గురించి యేమి చెప్పగలము? ఆమె మమ్ము కసరలేదు. కాని యొక క్షణము మా మొగము వంక చూచిన చూపు మేమింకను మరువలేదు. వ్రేలినుండి నెత్తురుబొట్టు తీసి పరీక్షింపగా పావుగంటలో ఫాల్సిపారం జాతి మలేరియా యని తేలినది. వెంటనే మందు మొదలుపెట్టి, అంబులెన్సులో భద్రాచలము పంపిరి. దూరమునుండియే రామునకు చేతులు జోడించి వైద్యశాలకు పోయితిమి. మూడవనాడు చిన్నది లేచి పెరుగన్న మడిగెను.

ఈ జ్వరమును గూర్చి మనము తెలిసికొనవలసినది కొంత కలదు. మలేరియా క్రిమి దోమ కడుపులో నుండునని రొనాల్డు రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన. దీనికి నేడు వాడుచున్న ఆర్టెమిసినిన్ మందును చైనాదేశపు మూలికనుండి తీసిన తు యుయు అను విదుషీమణికి 2015లో నోబెలు బహుమానము లభించినది. కాబట్టి మందు లేక బిడ్డలు పోవుట లేదు, ఆలస్యమువలన పోవుచున్నారు. ఫాల్సిపారం జ్వరము చిన్నపిల్లలలో నొకటి రెండు దినములలోనే మెదడునకు తగులవచ్చును. దోమ కుట్టిన వెంటనే జ్వరము రాదు. సామాన్యముగా వారము మొదలు రెండు వారములు పట్టును, ఒక్కొక్కప్పు డంతకు మించియు పట్టవచ్చును. ఇల్లు చేరిన పిమ్మట జ్వరము వచ్చినను "అడవిప్రాంతమునకు పోయి వచ్చితిమి" అని తల్లియే వైద్యునకు చెప్పవలెను. అడుగనిదే చెప్పరాదను మర్యాద యిచ్చట పనికిరాదు.

బిడ్డ నీరుగాని పాలుగాని త్రాగలేకున్నను, త్రాగినదెల్ల కక్కుచున్నను, మూర్ఛ వచ్చినను, పిలిచిన పలుకక మగతగా నున్నను ఆ క్షణమే బయలుదేరవలెను. మూర్ఛ వచ్చినపుడు బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, మెడ వద్ద బట్ట వదులుచేసి, గడియారము చూడవలెను. నోట చెంచాగాని, నీరుగాని, వ్రేలుగాని పెట్టరాదు. తాళపుచెవులవలన కీడు లేకపోయినను మేలును లేదు. వాతలవలన మాత్రము నిశ్చయముగా కీడే.

2005లో హైదరాబాదున ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ నేడీ మూడు రాష్ట్రములలోను గలదు. సరిహద్దు పల్లెలలో మన ఫోను ఏ రాష్ట్రపు టవరును పట్టునో తెలియదు. కావున మొదట రాష్ట్రము పేరు, పిమ్మట మండలము, ఊరు, దగ్గరి గుడియో బడియో చెప్పవలెను. ఫోను పలుకని చోట ఆ యూరి ఆశా కార్యకర్త యిల్లెక్కడ నని ముందే తెలిసికొని యుండుట మేలు. వానకాలమున దారి సంగతియు విచారింపవలెను. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినపుడు వంతెనమీద రాకపోకలు నిలిపివేసిరి గదా!

"పరాయి రాష్ట్రమువారము, మమ్ము చేర్చుకొందురా?" అను సంకోచ మక్కరలేదు. ప్రాణాపాయమున నున్నవారికి ప్రథమ చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధియని సుప్రీముకోర్టు 1989లో పరమానంద కటారా వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పినది. కాగితముల మాట తరువాత. బిడ్డ మాట ముందు.

ఇప్పుడు మా ప్రయాణపు పెట్టెలో రవికె గుడ్డలకు పైన దోమతెర యుండును. దానితో జ్వరమాపకము, బిడ్డ బరువునకు తగిన కొలత వైద్యు డడిగి వ్రాయించుకొన్న పారాసిటమాలు, విరేచనములకు ఓఆర్ఎస్ పొట్లములు, ఒక చీటి యుండును. ఆ చీటిపై బిడ్డ వయస్సు, బరువు, పడని మందులు, వేసిన టీకాలు వ్రాసి యుంచితిమి. క్రింద ఖాళీస్థలము విడిచితిమి: జ్వరము వచ్చిన గంట, ఇచ్చిన మందు పేరు, ఇచ్చిన వేళ వ్రాయుటకు. పేరు చెప్పని మందు మా బిడ్డ నోట వేయనీయము, సూది వేయనీయము. ఆ ఖాళీస్థల మెన్నడును నిండకుండుగాక యనియే మా కోరిక. నిండవలసి వచ్చినచో తప్పులేకుండ నిండవలెననియు మా కోరిక.

ఈ దసరాకు మరల వదినగారి యింటికి పోవుచున్నాము. నిన్న చిన్నదానిని తూచి, చీటిపై పాత బరువు కొట్టివేసి క్రొత్తది వ్రాసితిమి. రెండు కిలోలు హెచ్చినది.