మాటలోని రాగం

ఒకే తెలుగు మాటను హోసూరులో ఒక యాసతో, బరంపురంలో మరొక యాసతో పలుకుతారు. మాటకు అర్థం ఉన్నట్లే రాగం కూడా ఉంటుంది. ఆ రాగాన్ని శ్రద్ధగా విని, వాద్యాలపై పలికించిన స్వరకర్త అమెరికాకు చెందిన స్టీవ్ రైష్.

రైష్ 1936లో న్యూయార్క్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1965లో ఆయన ఒక వీధి బోధకుని మాటలున్న టేపుతో ప్రయోగం చేశారు. ఒకే మాటల ముక్కను రెండు యంత్రాలపై ఒక్కసారే వినిపించగా, వాటి వేగంలోని స్వల్పభేదం వల్ల ఒకటి క్రమంగా వెనుకబడింది. ఆ ఎడంలో నుండి కొత్త లయలు పుట్టాయి. 1967లో ఆయన అదే పద్ధతిని ఇద్దరు పియానో వాద్యకారుల చేత వాయింపజేశారు.

ఆయన రచనలలో 1988 నాటి 'డిఫరెంట్ ట్రైన్స్' ప్రసిద్ధమైనది. 'వేరు వేరు రైళ్లు' అని దీనికి అర్థం. రైష్ పసితనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి న్యూయార్క్‌లోను, తల్లి లాస్ ఏంజెలస్‌లోను ఉండేవారు. 1939 నుండి 1942 వరకు ఆయన ఆయా వెంట ఆ నగరాల మధ్య రైలులో ప్రయాణించేవారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఐరోపాలో నాజీలు యూదులను రైళ్లలో కుక్కి మరణశిబిరాలకు తరలించారు. తాను అక్కడ పుట్టి ఉంటే ఆ రైలే ఎక్కవలసివచ్చేదని పెద్దయ్యాక ఆయనకు తోచింది.

రైష్ వృద్ధురాలైన తన ఆయా మాటలను, ఒక విశ్రాంత రైలు పరిచారకుని మాటలను రికార్డు చేశారు. ఆ మారణకాండ నుండి బయటపడినవారి జ్ఞాపకాల టేపులను సేకరించారు. రాగం స్పష్టంగా వినిపించే చిన్న చిన్న మాటలను ఏరి, వాటిని స్వరాలుగా వ్రాసుకొన్నారు. వేదికపై రెండు వయొలిన్లు, వాటికంటె కొంచెం పెద్దదైన వియోలా, మంద్రంగా పలికే చెల్లో ఉంటాయి. టేపులో స్త్రీ గొంతు వినిపించినప్పుడు వియోలా, పురుషుని గొంతు వినిపించినప్పుడు చెల్లో ఆ మాట రాగాన్నే పలుకుతాయి. మొదటి భాగంలో అమెరికా రైళ్ల కూతలు వినిపిస్తాయి. రెండవ భాగంలో ఐరోపా రైళ్లు, వాటితోపాటు ప్రమాద సూచకమైన సైరన్లు మ్రోగుతాయి. మూడవ భాగం యుద్ధానంతర కాలానిది.

సాక్షులు ఏమి చెప్పారో పుస్తకంలో చదువవచ్చు. ఎలా చెప్పారో, గొంతు ఎక్కడ తగ్గిందో తెలియాలంటే వినవలసిందే. మన ఇళ్లలోని పెద్దల మాటలోనూ అటువంటి రాగం ఉంది. వారు మాట్లాడుతున్నప్పుడే దానిని చెవియొగ్గి వినాలి.