పిల్లల చేతికి రంగులు – తక్కువ ఖర్చుతో, అపాయం లేకుండా



"గోడంతా పాడు చేశాడు" అని పిల్లవాడి చేతిలోని బొగ్గుముక్క లాగి పారేసే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. కాని గీత గీయడం ఎదుగుదలకు గుర్తు. ఏడాదిన్నర ప్రాంతంలో పిల్లలు పిచ్చిగీతలు మొదలుపెడతారు. మూడేళ్ళకు సున్నా, నాలుగేళ్ళకు కూడిక గుర్తు చూసి గీయగలుగుతారు. రెండేళ్ళు దాటినా బలపం పట్టలేకపోతున్నా, ఒక చేతినే వాడుతూ రెండోదాన్ని కదపకపోతున్నా డాక్టరుకు చూపించండి.

ఇంట్లోనో, సండే స్కూలు గదిలోనో పిల్లలకు ఒక బొమ్మల మూల ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

చోటు, పలక

వెలుతురు పడే వరండా మూల, ఒక చాప చాలు. మన పరిగి ప్రాంతంలో చాలా ఇళ్ళ నేల తాండూరు బండలే. వాటి మీద సుద్దముక్కతో గీసి, తడిగుడ్డతో తుడిచేయవచ్చు. మట్టి నేల ఉన్నవారు ఇల్లు కట్టేచోట మిగిలిన బండముక్క అడిగి తెచ్చుకోవచ్చు. అంచులు పదునుగా ఉంటే నీళ్ళు పోస్తూ మరో రాతితో రుద్దండి. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. అడుగు పలక కూడా నాలుగైదు కిలోలు తూగుతుంది కనుక గోడకు ఆనించి నిలబెట్టవద్దు, నేల మీదే పరచండి.

ఇంట్లో దొరికే రంగులు

జల్లించిన ఎర్రమట్టి, బొగ్గు, బీట్‌రూట్ రసం, ఎండాకాలం ముందు పూసే మోదుగుపూలు ఉడికించిన నీళ్ళు – ఇవన్నీ రంగులే. పసుపు కావాలంటే కొమ్ములు దంచుకోండి. విడి పసుపులో మెరుపు కోసం సీసం కలిసిన రంగు కలిపే మోసం ఉంది. ఇలా చేసిన రంగునీళ్ళు ఏ రోజువి ఆ రోజే పారబోయాలి. జిగురుకు చింతగింజల అంబలి గాని, మైదా గంజి గాని చాలు. చెరియాల బొమ్మలు చేసేవారు చింతగింజల ముద్దనే వాడతారు. పురుగు పట్టకుండా గంజిలో మైలుతుత్తం కలపడం కొందరికి అలవాటు. అది విషం, పిల్లల జిగురులో వద్దు.

డబ్బు పెట్టి కొనేది ఒక్క క్రేయాన్ల పెట్టె అనుకుందాం. లావుపాటివి కొనండి. మూడేళ్ళలోపు పిల్లలు చిన్న ముక్కలు మింగితే గొంతుకు అడ్డం పడతాయి.

ఈ మూడూ దగ్గరకు రానివ్వవద్దు

1. సున్నం. తెల్లరంగుకు వాడవద్దు. తమలపాకుల సున్నం ప్యాకెట్టు నొక్కితే చిమ్మి కళ్ళు పోగొట్టుకున్న పిల్లలున్నారు. కంట్లో పడితే వెంటనే, కనీసం పావుగంట, మంచినీళ్ళు ధారగా పోస్తూ కడిగి, ఆసుపత్రికి తీసుకురండి. నలపవద్దు, నూనె, పాలు పోయవద్దు.

2. తలుపులకు వేయగా మిగిలిన పెయింటు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 10 లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అంతకు ముందరి డబ్బాలలో, పెచ్చులూడే పాత తలుపులలో ఎక్కువ ఉండవచ్చు. సీసం రక్తహీనత తెస్తుంది, చదువు తలకెక్కకుండా చేస్తుంది. రక్తంలో ఇంతవరకు ఉన్నా ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

3. నిలవ నీరు. కుంచెలు కడిగిన డబ్బాలో నీళ్ళు వదిలేస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. నీళ్ళ బకెట్టు పసివారికి ప్రాణాపాయం కూడా. పని కాగానే బోర్లించండి, పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

మంచం మీది బిడ్డకు కూడా

జబ్బుతో పడుకున్న బిడ్డ నొప్పి ఎక్కడో, భయం ఎందుకో నోటితో చెప్పలేకపోవచ్చు. కాగితం, పెన్సిలు ఇచ్చి పక్కన కూర్చోండి. "ఇదేం బొమ్మ?" అని తప్పులు పట్టకుండా, "దీని గురించి చెప్పమ్మా" అనండి. గజ్జి, జలుబు ఉన్న బిడ్డ వాడిన క్రేయాన్లు వేరేవారికి ఇవ్వవద్దు.

ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలుకు చేతినేర్పును ఇచ్చాడని నిర్గమకాండములో చదువుతాము. మన బిడ్డల చేతులలోనూ ఆ నేర్పు ఉంది. ఈ వేసవి వి.బి.ఎస్.కు ముందే మీ సంఘంలో ఒక మూల సిద్ధం చేయండి. ఒక చాప, ఒక బండ, గుప్పెడు సుద్దముక్కలతో మొదలుపెట్టవచ్చు.